మెంబరు కాని మనిషి తెచ్చిన నీళ్లు

ఆ పెద్దాయన మా గేటు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం షిఫ్టు మారుతోంది. చేతిలో పాత కూల్‌డ్రింక్ సీసా, అందులో ముప్పావు వంతు నీళ్లు. లేత టీ రంగులో ఉన్నాయి. ఊపితే నురగ వస్తోంది, వచ్చిన నురగ ఎంతసేపటికీ అణగడం లేదు. "బాబూ, ఇవి మా వాగు నీళ్లు. గేదెలకు తాగించవచ్చో లేదో మీరు చూసి చెప్తారని వచ్చాను" అన్నారు.

ఇది ఇరవై ఏళ్ల కిందటి మాట. అప్పుడు నేను ఒక పారిశ్రామిక వాడలోని ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రంలో ల్యాబు కెమిస్టుని. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. ఈ వ్యాసంలో రాబోయే పటాన్‌చెరు కేంద్రం మాత్రం కాదు. సీసా తీసుకొని లోపలికి వెళ్లాను. మా మేనేజరు దాన్ని చూసి, "ఆయన మన మెంబరు కాదు కదా, బయటివాళ్ల శాంపిళ్లు మనం చేయం" అన్నారు. కోపంగా ఏమీ అనలేదు. నిబంధన అదే. ఆయన స్థానంలో నేనున్నా ఆ రోజుల్లో అదే మాట అనేవాణ్ని.

అయినా ఆ శాంపిలు చేశాను. సీఓడీ పరీక్ష చేయడానికి నీటిలో పొటాషియం డైక్రోమేటు, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి రెండు గంటలు మరిగించాలి. చల్లారాక రెండు చుక్కలు ఫెర్రోయిన్ అనే సూచిక వేసి, చుక్కలు కొలిచి వదిలే గాజు గొట్టం బ్యూరెట్ తిప్పుతుంటే ఆకుపచ్చగా ఉన్న ద్రావణం ఒక్కసారిగా ఇటుక రంగుకు మారుతుంది. మారిన చోట లెక్క ఆపాలి. నీటిలో ఉన్న సేంద్రియ పదార్థమంతా ఆక్సీకరణ చెందడానికి ఎంత ఆక్సిజన్ కావాలో ఆ లెక్క చెబుతుంది. శుద్ధి చేసిన నీటిని వాగులోకి వదలడానికి పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు. ఆ సీసాలోని నీళ్లకు 600 దాటింది.

ఆ సంఖ్యను సాయంత్రం గేటు బయట టీ కొట్టు దగ్గర ఆయనకు చెప్పాను. కాగితం మీద రాసి ఇవ్వలేదు, ఇచ్చే అధికారం నాకు లేదు. ఆయన దాన్ని మెల్లగా ఒకసారి పలికి చూసుకొని, మళ్లీ మొదటి ప్రశ్నే అడిగారు. అప్పుడు నేనేం చెప్పానో చివర్లో చెబుతాను. అంతకన్నా ముందు మెంబరు అనే మాట గురించి చెప్పాలి. ఇన్నేళ్లుగా నన్ను పట్టుకొని వదలనిది ఆ మాటే.

ఉమ్మడి శుద్ధి కేంద్రం ప్రభుత్వ కార్యాలయం కాదు, కంపెనీ. చిన్న, మధ్య తరహా ఫ్యాక్టరీలు ఎవరికి వారు పూర్తి స్థాయి శుద్ధి ప్లాంటు పెట్టుకోలేవు. అందుకని నలుగురూ కలిసి వాటాలు వేసుకొని ఒక కంపెనీ పెట్టుకుంటారు. 1991లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పథకం కింద ఇలాంటివాటికి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సబ్సిడీ కూడా దక్కింది. ఆలోచనగా ఇది మంచిదే, ఇప్పటికీ నా అభిప్రాయం అదే. అయితే ఆ ఏర్పాటులో ఎవరు ఎక్కడ ఉన్నారో ఒకసారి చూడండి. మురికి నీళ్లు పంపే ఫ్యాక్టరీ మెంబరు. శుద్ధికి డబ్బు కట్టేదీ ఆ ఫ్యాక్టరీయే. వాటా ఉన్నదీ, డైరెక్టర్ల బల్ల దగ్గర కుర్చీ ఉన్నదీ దానికే. శుద్ధి అయిన నీళ్లు, లేదా సరిగా కాని నీళ్లు, ఎవరి పొలంలోకి, ఎవరి బావిలోకి, ఎవరి గేదె కుడితి తొట్టిలోకి వెళ్తాయో వాళ్ల పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు.

మా తాతగారి ఊళ్లో చెరువుకు నీరటి ఉండేవాడు. కొన్ని ప్రాంతాల్లో నీరుగంటి అంటారు. తూము ఎత్తడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడటం, గండి పడకుండా రాత్రిళ్లు కట్ట మీద తిరగడం అతని పని. పంట నూర్చాక ఆయకట్టు రైతులు కళ్లంలోనే అతని వాటా గింజలు కొలిచి ఇచ్చేవారు. తూముకు దిగువన ఉన్న పొలం ఎండిపోతే ఆ రైతు దగ్గర నీరటికి గింజలు రావు. అతని తిండి దిగువ నుంచి వచ్చేది, కాబట్టి అతని చూపు కూడా దిగువకే ఉండేది. నేను పనిచేసిన కంపెనీకి ప్రతి రూపాయీ ఎగువ నుంచే వచ్చేది. మా చూపూ ఎగువకే ఉండేది. మాలో దుర్మార్గులు ఎవరూ లేరు. నెలాఖరుకు జీతం ఎటునుంచి వస్తుందో అటువైపే చూశాం, అంతే.

నీటిని శుద్ధి చేసే కంపెనీ సుస్థిరత గురించి, సమాజం పట్ల బాధ్యత గురించి మాట్లాడినప్పుడల్లా నేను అడిగే ప్రశ్న ఒక్కటే. దిగువన ఉన్నవాళ్లకు ఈ కంపెనీలో ఏ హక్కు ఉంది? సానుభూతి, మొక్కలు నాటే కార్యక్రమం, బడికి బెంచీలు ఇవ్వడం నేను అడగడం లేదు. హక్కు అడుగుతున్నాను.

హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరు కథ మన దగ్గర అందరికీ ఎంతో కొంత తెలిసిందే. 1970ల నుంచి అక్కడ, బొల్లారంలో, పాశమైలారంలో, ఖాజీపల్లిలో రసాయన, మందుల ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటి నీళ్లు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు చేరాయి. వరి పండిన పొలాలు బీడు పడ్డాయి, బావులు రంగు మారాయి. స్థానిక వైద్యుడు డాక్టర్ కిషన్ రావు, ఊళ్ల రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. రైతులకు నష్టపరిహారం ఇవ్వాలని, ఊళ్లకు తాగునీరు అందించాలని కోర్టు ఆదేశాలిచ్చింది. తరవాత ఆ కేసు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు బదిలీ అయింది. ఒక వాగు నీళ్ల మీద వివాదం పాతికేళ్లకు పైగా నడిచింది. కేసు మొదలైనప్పుడు పుట్టిన పిల్లలకు పిల్లలు పుట్టేంత కాలం.

ఆ ఒత్తిడి మధ్యే, 1990లలో, అక్కడ ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఫ్యాక్టరీల నుంచి ట్యాంకర్లలో నీళ్లు తెచ్చి అక్కడ శుద్ధి చేస్తారు. 2007లో ఆ కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటి మీద ఒక పరిశోధన పత్రం వెలువడింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోవాకిం లార్సన్ బృందం చేసిన పని అది. సుమారు 90 మందుల తయారీ సంస్థల నీళ్లు అక్కడికి చేరేవి, రోజుకు దాదాపు 15 లక్షల లీటర్లు. శుద్ధి పూర్తయ్యాక బయటికి వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ పత్రం చదివిన రోజు నేను కాగితం తీసుకొని లెక్క వేసుకున్నాను. రోజుకు సుమారు 45 కిలోల మందు. ఆ మందు 500 మిల్లీగ్రాముల మాత్రల్లో చెప్పుకుంటే రోజుకు 90,000 మాత్రలు.

ఈ రంగంలో పనిచేసినవాడిగా నన్ను వణికించింది పరిమాణం కాదు. శుద్ధి కేంద్రంలో అసలు పనిచేసేది బ్యాక్టీరియా. ఏరేషన్ ట్యాంకులో గాలి ఊదుతూ వాటిని బతికిస్తాం, అవి సేంద్రియ పదార్థాన్ని తిని నీటిని తేటపరుస్తాయి. రసాయనాలు మాత్రమే ఉన్న నీటిలో అవి సరిగా పెరగవు, కాబట్టి అక్కడ ఊరి మురుగునీరు కూడా కలిపేవారు. అంటే మనుషుల పేగుల నుంచి వచ్చిన సూక్ష్మజీవులనూ, వాటిని చంపే మందునూ ఒకే తొట్టిలో వేసి రోజుల తరబడి కలియబెట్టడమే. చావగలిగినవి చస్తాయి. మందును తట్టుకున్నవి పెరుగుతాయి, పెరిగి వాగులోకి వెళ్తాయి. అదే మందు రేపు ఏదో ఒక ఆసుపత్రిలో ఒక రోగి మీద పనిచేయదు. ఆ రోగి ఏ ఊరివాడైనా కావచ్చు. దిగువ అంటే మీరు, నేను కూడా.

ఇంకో మాట. ఆ నీటిలో మందు ఉందని ఎవరూ దాచిపెట్టలేదు. ఎవరూ కొలవలేదు, అంతే. మా కేంద్రంలో మేము కొలిచేది పీహెచ్ (ఆమ్లత), సీఓడీ, బీఓడీ (సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్), టీడీఎస్ (కరిగిన లవణాలు), తేలే పదార్థాలు. చట్టం అడిగిన పట్టిక అది. పట్టికలోని గడులన్నీ నిండితే మా పని పూర్తయినట్టు. మందుల పరిశ్రమ మధ్యలో కూర్చొని, మందు ఎంత పోతోందని అడగాలని నాకు ఒక్క రోజైనా తోచలేదు. దీన్ని నా తప్పుగానే ఒప్పుకుంటున్నాను.

తరవాతైనా పట్టిక మారిందా? 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదిస్తూ ముసాయిదా ప్రకటించింది. ఆ రోజు నిజంగా సంతోషించాను. 2021 ఆగస్టులో తుది ప్రకటన వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల మీద మార్గదర్శకాలు ప్రచురించింది. అవి మార్గదర్శకాలే. పాటించకపోతే తలుపు తట్టేవాళ్లెవరూ లేరు.

ఇక పటాన్‌చెరు నీళ్లకు చివరికి దొరికిన పరిష్కారం చూడండి. సుమారు 18 కిలోమీటర్ల పైపులైను వేసి, శుద్ధి చేసిన నీటిని నగర మురుగు కాల్వలో కలిపి, అంబర్‌పేట మురుగునీటి శుద్ధి కేంద్రానికి పంపారు. నక్కవాగు రైతులకు అది కొంత ఊరట, కాదనను. కానీ అంబర్‌పేట దాటాక ఆ నీళ్లు మూసీలో కలుస్తాయి. మంజీర వెళ్లి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే ఒక నదీ పరీవాహకంలోని మురికిని ఎత్తి ఇంకో నదీ పరీవాహకంలో పోశాం. నగరం దాటాక మూసీ ఒడ్డున పశువుల కోసం పారా గడ్డి పెంచుతారు. ఆ గడ్డి మేసే గేదెల పాలు మన ఇళ్లకే వస్తాయి. దిగువను మార్చగలిగాం కానీ దిగువ లేకుండా చేయలేకపోయాం.

ఇప్పుడు కాగితాల సంగతి. 2013 నాటి కంపెనీల చట్టం 166వ సెక్షన్‌లో డైరెక్టర్ల విధుల గురించి ఒక మంచి మాట ఉంది. డైరెక్టరు వాటాదారుల మేలు ఒక్కటే చూస్తే చాలదు. ఉద్యోగుల, సమాజం మేలు, పర్యావరణ రక్షణ కూడా చూడాలి. నాకు ఆ వాక్యం మీద గౌరవం ఉంది. కానీ సమాజం తరఫున ఆ వాక్యాన్ని పట్టుకొని అడిగే మనిషి ఆ గదిలో లేడు. కాబట్టి అది గోడ మీద వేలాడే వాక్యంగానే మిగిలిపోతుంది.

స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2021లో తెచ్చిన నియమం ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి బాధ్యత, సుస్థిరతల నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలి. అలాంటి నివేదికలు నేను చదువుతుంటాను. వదిలిన నీరు ఎక్కడికి వెళ్లిందో చెప్పే పట్టిక ఒకటి అందులో ఉంటుంది. ఉపరితల జలాల్లోకి, భూగర్భంలోకి, సముద్రంలోకి, ఆ తరవాత "మూడో పక్షానికి పంపినది". ఉమ్మడి కేంద్రానికి పంపిన నీళ్లు ఈ వరుసలోకి వెళ్తాయి. అక్కడితో పెద్ద కంపెనీ లెక్క సరిపోతుంది. ఆ మూడో పక్షం స్టాక్ మార్కెట్లో లేని చిన్న కంపెనీ అయితే, దానికి ఈ నివేదిక ఇచ్చే పని లేదు. నీళ్లు నివేదికలో కనిపించకుండా పోయే చోటు అదే. నేను పనిచేసింది ఆ వరుసలోనే.

ఆ పెద్దాయన సీసాతో రావడానికి నాలుగు రోజుల ముందు ఒక రాత్రి ఒక ట్యాంకరు వచ్చింది. గేటు దగ్గర శాంపిలు తీశాను. ముక్కు అదిరేంత సాల్వెంటు వాసన, పీహెచ్ రెండు కన్నా తక్కువ. అది లోపలికి వస్తే మా ట్యాంకులో బ్యాక్టీరియా మొత్తం చచ్చి, వారం పాటు ప్లాంటు మూలన పడుతుంది. తిరస్కరించాను. డ్రైవరు కిందికి దిగి వచ్చి, "సార్, ఫ్యాక్టరీలో ట్యాంకు నిండిపోయింది, వెనక్కి తీసుకెళ్తే దింపనివ్వరు. నేనెక్కడ పోయాలి?" అని అడిగాడు. అది నా పని కాదన్నాను. రిజిస్టరులో "తిరస్కరించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. మంచి పని చేశానన్న తృప్తి కూడా కలిగింది. ట్యాంకరు వెనక్కి తిరిగి చీకట్లోకి వెళ్లిపోయింది.

ఆ ట్యాంకరు నీళ్లే ఆ సీసాలోకి వచ్చాయని నేను నిరూపించలేను. కానీ మా ఔట్‌లెట్, అంటే శుద్ధి చేసిన నీళ్లు బయటికి వదిలే చోటు, ఆ వారమంతా పరిమితిలోనే ఉంది, వాగులో మాత్రం 600 దాటింది. ఆ నీళ్లు ఎక్కడో ఒకచోట వాగులో పడ్డాయి. నా రిజిస్టరు శుభ్రంగా ఉండటానికీ వాగు శుభ్రంగా ఉండటానికీ సంబంధం లేదని నాకు అర్థమైంది ఆ సీసా పుణ్యమే.

పరిశ్రమ తరఫు వాదన నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. మందులు చవగ్గా దొరకడం వల్ల ఈ దేశంలో, ఇంకా పేద దేశాల్లో కోట్ల మంది బతుకుతున్నారు. ఖర్చు కాస్త పెరిగితే ఆర్డరు ఇంకో దేశానికి పోతుంది. చిన్న ఫ్యాక్టరీ మూతపడితే అందులో పనిచేసేది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. ఇవన్నీ నిజాలే. కానీ ఆ ఖర్చు ఇప్పుడు లేదనుకుంటే పొరపాటు, అది పోయింది బ్యాలెన్స్ షీటు నుంచి మాత్రమే. బోరు, బావి పాడై తాగునీళ్లు కొనుక్కునే ఇల్లు దాన్ని నెల నెలా కడుతోంది. ఈసుకుపోయిన గేదె రూపంలో, పండని పంట రూపంలో రైతు కడుతున్నాడు. మందు చవగ్గా ఉన్నది కొంత వాళ్లు కట్టడం వల్లనే. సుప్రీంకోర్టు 1996లోనే కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలనే సూత్రాన్ని మన చట్టంలో భాగమని చెప్పింది. ఆ సూత్రం తీర్పుల్లో ఉంది, శుద్ధి కేంద్రం బిల్లులో లేదు.

అయితే ఏం చేయాలి? ముందుగా సభ్యత్వం. శుద్ధి కేంద్రం నీళ్లు పారే దారిలో ఉన్న ఊళ్లవాళ్లు ఆ కంపెనీ బోర్డులో కూర్చోవాలి. అతిథులుగా పిలిస్తే చాలదు, ఓటు ఉండాలి. వినడానికి వింతగా అనిపించవచ్చు కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఇలాంటిది ఒకసారి చేసింది. 1997లో చట్టం తెచ్చి కాల్వల నిర్వహణలో ఆయకట్టు రైతులకు నీటి వినియోగదారుల సంఘాల ద్వారా అధికారం ఇచ్చింది. ఆ సంఘాలు అన్నిచోట్లా బాగా నడిచాయని నేను అనను. కానీ కాల్వ నీళ్లు తీసుకునే రైతుకు కాల్వ మీద మాట ఉండాలని చట్టం ఒప్పుకుంది. వాగు నీళ్లు మింగవలసి వచ్చే రైతుకు వాగు మీద మాట ఎందుకు ఉండకూడదు?

రెండోది తిరస్కరించిన ట్యాంకరు. అది ఎవరి నుంచి వచ్చిందో, తిరిగి ఎక్కడ దిగిందో తేలేదాకా దాని బాధ్యత పంపిన ఫ్యాక్టరీదీ, శుద్ధి కేంద్రానిదీ ఉమ్మడిగా ఉండాలి. ఇప్పుడు బండి ఎక్కడ తిరుగుతోందో తెలుసుకోవడానికి జీపీఎస్ ఉంది. మా రోజుల్లో లేదన్న సాకు ఇప్పుడు చెల్లదు. మందుల నీళ్లు తీసుకునే కేంద్రం మందును కొలవాలి, చట్టం ఇంకా అడగకపోయినా సరే. పక్కవాడి కోసం ఎదురుచూడకుండా ముందుగా ఒక్క కేంద్రం మొదలుపెట్టినా, మిగతావాళ్లు ఎందుకు కొలవడం లేదని అడగడానికి మనకు వీలవుతుంది.

ప్లాంటు లోపలివాళ్ల సంగతి కూడా ఇందులో భాగమే. బురద వడకట్టే యంత్రం దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసే ఇద్దరు కుర్రాళ్లు నాకు ఇప్పటికీ గుర్తు. సంపులోకి దిగే ముందు గాలి పరీక్షించాలని వాళ్లకు ఎవరూ చెప్పేవారు కాదు. నేను చెప్పాను, కానీ పరీక్షించే పరికరం స్టోరులో తాళం వేసి ఉండేది.

చివరిది ఆ టీ కొట్టు దగ్గర నాకు తెలిసింది. ఆ రోజు ఆయన రెండోసారి అడిగినప్పుడు, "అంటే, ఇంతకీ తాగించవచ్చా, వద్దా?" అన్నప్పుడు, నేను సీఓడీ అంటే ఏమిటో వివరించడం మొదలుపెట్టాను. ఆక్సిజన్, డైక్రోమేటు, 250 అంటూ చెప్పుకుపోయాను. ఆయన ఓపికగా విన్నారు. గ్లాసు కింద పెట్టి, "సరే బాబూ" అని సీసా తీసుకొని వెళ్లిపోయారు. వద్దు అనే ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ మాట మా కంపెనీ మాటగా మారుతుందేమోనని భయపడ్డాను.

ఇప్పుడు ఉమ్మడి కేంద్రాల ఔట్‌లెట్ల దగ్గర నిరంతరం కొలిచే పరికరాలు ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలికి ఆ అంకెలు కంప్యూటర్‌లో వెళ్తాయి. అవి వాగు దాటే ప్రతి ఊరి రచ్చబండ దగ్గర కూడా కనపడాలి, తెలుగులో. అంకెలన్నిటికీ పైన, దూరం నుంచి కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ఒక వరుస ఉండాలి. ఈ రోజు ఈ నీళ్లు గేదెలకు తాగించవచ్చా, తాగించకూడదా అని. కింద ఆ మాట చెప్పిన కెమిస్టు సంతకం ఉండాలి.